సాదుకున్న బిడ్డను వాపసు ఇయ్యొచ్చునా?

(బిజినేపల్లిలో మహిళా సంఘాల సభ్యుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



తెలంగాణ కోసం మైకు పట్టిన గొంతు ఇది. ఇవ్వాళ ఒక పసిబిడ్డ కోసం పట్టాల్సి వచ్చింది. ఈ మండలంల ఒక ఇంట్ల పాపను తెచ్చి సాదుకుంటున్నరు. ఏడాది దాటింది, పిలిస్తే తిరిగి చూడదు. డాక్టరు పుట్టుచెవుడు అన్నడు. ఇచ్చినోళ్లకు ముందే ఎరుకట, చెప్పలేదు. ‘వాపసు ఇచ్చి రాండ్రి’ అని చుట్టాల పోరు. చట్టం ఏమంటది తమ్మీ అని ఆ తల్లి నన్ను అడిగింది.

అక్కా, బిడ్డ ఏ తొవ్వల వచ్చింది? మొదలు తేలాల్సింది అదే. ఆమెకు ఒక దవాఖాన ఆయా చేతుల మీదుగ, బాండు పేపరు మీద వచ్చింది. అది దత్తతే కాదు. 1956 హిందూ దత్తత చట్టం ప్రకారం కన్నోళ్లు స్వయంగ ఇయ్యాలె, లేకుంటే కోర్టు అనుమతితో సంరక్షకులు ఇయ్యాలె. పైసలు చేతులు మారొద్దు. సరిగ జరిగిన దత్తతను మాత్రం అదే చట్టం 15వ సెక్షన్ రద్దు కానియ్యదు. చెవుడు ఉన్నదనో, కాలు వంకర ఉన్నదనో వాపసు లేదు.

శిశుగృహం నుంచి తెచ్చుకుంటే లెక్క వేరు. అక్కడ వైద్య పరీక్ష నివేదిక ఇస్తరు. మీకు నచ్చిన డాక్టరుకు చూపించుకునే హక్కున్నది. ఉత్తర్వు రాకముందైతే సంస్థకు చెప్పి ఆగొచ్చు. 2022 సెప్టెంబర్ నుంచి ఆ ఉత్తర్వు ఇచ్చేది కలెక్టరు. ఉత్తర్వు వచ్చినంక రద్దు కావాల్నంటే దరఖాస్తు పెట్టుకోవాలె, బిడ్డ మేలు చూసే తేలుస్తరు. తెలిసి దాచినోళ్ల మీద మోసం కేసు పెట్టొచ్చు. కానీ వాళ్లకు తెలుసని రుజువు చేసే బరువు మన మీదనే. అందుకే డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు, ఏదీ పారెయ్యొద్దు.

అమెరికాల ఒహాయో సుప్రీంకోర్టు 1986ల ఇటువంటి కేసు తేల్చింది. పిల్లగాని తల్లికి పద్దెనిమిదేండ్లని చెప్పి 1964ల ఇచ్చిండ్రు. నిజానికి ఆమె మానసిక చికిత్సాలయంల ఉన్న 35 ఏండ్ల రోగి. పిల్లగానికి నరాల జబ్బు బయటపడ్డది. పెంచినోళ్లకు లక్షా ఇరవై ఐదు వేల డాలర్ల పరిహారం వచ్చింది. పిల్లగాన్ని మాత్రం వాళ్లు వాపసు ఇయ్యలేదు.

కాగితాల మీద అబద్ధాలు మనకు కొత్తనా? 1999, 2001ల లంబాడ తండాల ఆడపిల్లలను కొని, దొంగ కాగితాలు పుట్టించి, హైదరాబాద్ సంస్థల నుంచి విదేశాలకు పంపిన బాగోతం బయటపడ్డది. పేదరికం పేరు మీద, ఆడపిల్ల అన్న పేరు మీద బిడ్డను వదులుకునుడు చెల్లదని 2001ల అప్పటి ప్రభుత్వం జీవో తెచ్చింది. తల్లి పేరే దొంగదైన కాగితంల జబ్బు పేరు నిజం రాస్తరా?

బాల్య న్యాయ చట్టం, 2015 ప్రకారం బిడ్డను అమ్మినా, కొన్నా ఐదేండ్ల దాక జైలు. చాటుగ గుడి మెట్ల మీద వదిలొస్తే అదింకో నేరం. ఉన్న తొవ్వ ఒక్కటే, వకీలును వెంటబెట్టుకొని బాలల సంక్షేమ కమిటీ ముందు నిలబడుడు. కమిటీ బిడ్డను తీసుకోవచ్చు గూడ. ఈ మాట ఆమెకు దాచకుండ చెప్పిన. ఏడ్చింది.

ఇంకో ముచ్చట. కేసు ఏండ్లు నడుస్తది, చెవి ఆగదు. ఎంత చిన్నప్పుడు మిషనో, ఆపరేషనో అయితే అంత మాట వస్తది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద సర్టిఫికెట్, చదువు ఆ పాపకు హక్కు. అది సాదుకున్న బిడ్డా, కన్న బిడ్డా అని చట్టం అడగదు.

ఒకప్పుడు ఇందుకు పాలమూరు దాక పోవాల్సి ఉండె. 2016ల జిల్లా అయినంక కలెక్టరాఫీసు నాగర్‌కర్నూల్‌లనే ఉన్నది. ఆమె వచ్చే సోమవారం పాపనెత్తుకొని ప్రజావాణికి పోతున్నది. మన సంఘం అక్కలు ఇద్దరు తోడు పోతమన్నరు.