పేరులేని బొమ్మకు పుట్టినిల్లు



రేడియో పెట్టె గల యింట దాని తయారీదారు పేరు వెదకవలసిన పని లేదు. అది ముందువైపున మెరయు నక్షరములతో కనబడుచునే యుండును. వెనుక అట్టపై సంఖ్యయు, ఊరును అచ్చువేసి యుండును. ఆ పెట్టె ప్రక్కనే పిల్లవాడు తోసికొని తిరుగు ప్లాస్టిక్ బండికి మాత్రము ఆ గౌరవము తరచుగా దక్కదు. బండి విరుగును, పిల్లవాడు పెద్దవాడగును, చేసినవా రెవ్వరో తెలియకయే కాలము గడచిపోవును. అట్టి యొక బొమ్మకు పుట్టినిల్లు వెదకిన వృత్తాంతమును నేడు మీతో ముచ్చటించెదము.

సికింద్రాబాదు మారేడుపల్లిలోని మా పాత యింట అటకమీది యినుప పెట్టెను ఇటీవల దింపితిమి. పాత చీరల మడతల నడుమ జానెడు పొడవు గల రైలు ఇంజను ఒకటి బయటపడెను. ఎర్రని ఒడలు, నల్లని చక్రములు. పొగగొట్టము కొన విరిగి, ఆ తునక ప్రక్కనే పడియున్నది. అడుగున ఏ యక్షరమును లేదు. దానితోపాటు చిరిగిన అట్టపెట్టె ముక్క యొకటి యుండెను.

పాత వస్తువులు సేకరించు మిత్రుడొకరు దానిని చూచి, "ఇది జపాను సరుకు, సందేహము లేదు. ఆ మాట చీటిపై వ్రాసి యిండు, మూడింతల ధర పలుకును" అనిరి. మా మనుమడు మాత్రము, "తాతయ్యా, దీనితో నేను ఆడుకోవచ్చునా?" అని యడిగెను. ఈ యిద్దరికిని సమాధానము చెప్పవలె నన్నచో, ఆ యింజనును ఎవరు, ఎప్పుడు, దేనితో చేసిరో తెలియవలెను.

మొదట పదార్థమును పరిశీలించితిమి. ప్లాస్టిక్ అను పేరు ఒకటే గాని అందు జాతులు పెక్కు. 1907లో లియో బేక్‌లాండ్ కనుగొనిన బేకలైటు గట్టిది, ముదురు రంగుది. పాత రేడియోల పెట్టెలు అనేకము దానితో చేసినవే. అంతకు ముందే వచ్చిన సెల్యులాయిడు పలుచనిది, తేలికయైనది. అందు కర్పూరము కలియును గనుక వ్రేలితో గట్టిగా రుద్దిన కర్పూరపు వాసన వచ్చును. పాలిథీను మైనమువలె జారుచు నీటిపై తేలును. పాలిస్టైరీను పెళుసైనది; గోటితో మీటిన ఖంగుమనును; నీట మునుగును. మా యింజనును మీటితిమి, ఖంగుమనెను. విరిగిన తునకను నీటిలో వేసితిమి, మునిగెను. కావున ఇది పాలిస్టైరీను కావలెనని తలంచితిమి.

ఇచట ఒక హెచ్చరిక. ప్లాస్టిక్ జాతి తెలియుటకు నిప్పంటించి వాసన చూడుమని కొందరు చెప్పుదురు. ఆ పని చేయరాదు. వస్తువు సెల్యులాయిడు అయినచో గుప్పున మండిపోవును. బొమ్మయు పోవును, చేయియు కాలును.

పిమ్మట భూతద్దము పట్టితిమి. ఇట్టి బొమ్మలు చేయుటకు కరగిన ప్లాస్టిక్కును ఉక్కు అచ్చులోనికి ఒత్తిడితో నెట్టుదురు. అచ్చు రెండు భాగములు కలిసిన చోట సన్నని గీత పడును. ప్లాస్టిక్కు లోనికి వచ్చిన చోట చిన్న మచ్చ నిలుచును. చల్లారిన బొమ్మను బయటికి నెట్టిన కడ్డీలు గుండ్రని గుర్తులు విడుచును. మా యింజనుకు ఎడమప్రక్క మూడవ కిటికీ సగము పూడియున్నది. ఆ లోపము అచ్చులోనే యున్నచో, ఆ యచ్చున పుట్టిన ప్రతి బొమ్మలోను కనబడును. అదే పూడిన కిటికీ గల యింజను మరి యొకటి దొరకిన, రెండును తోబుట్టువులని చెప్పవచ్చును.

అయినను అచ్చు ఒకటైనంత మాత్రమున తయారీదారు ఒకడే యనరాదు. అచ్చులు అమ్ముడుపోవును, సముద్రములు దాటును. లివర్‌పూలులో మెకానో కంపెనీవారు డింకీ అను పేరుతో లోహపు బొమ్మకార్లు చేసెడివారు. వాని అచ్చులు కొన్ని 1960లలో కలకత్తాకు చేరెను. వానితోనే అచట నిక్కీ అను పేరున కార్లు తయారైనవి. రూపము మాత్రమే చూచి వానిని ఇంగ్లండు సరుకన్నవాడు పొరబడినట్లే.

మరి జపాను మాట యేమి? ఎగుమతికై చేసిన బొమ్మలపై దేశము పేరు వేయుట సామాన్యము. ఆ పేరే కాలమును కూడ తెలుపును. 'ఆక్రమిత జపాను' అని యున్నచో అది రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప, 1952కు లోపల చేసినది. 'పశ్చిమ జర్మనీ' అని యున్నచో 1949కిని 1990కిని నడిమిది. మా యింజనుపై అట్టిదేదియు లేదు. రంగు బాగున్నదను నొక్క కారణమున దానిని జపానుకు దత్తత యిచ్చుట న్యాయము కాదు.

ఇక మిగిలినది ఆ చిరిగిన అట్ట. నిజము చెప్పవలెనన్న, మొదట దానిని చెత్తబుట్టలో వేయబోయితిమి. తిరగవేసి చూడగా లోపలివైపున నాలుగు చక్రములు ఒత్తుకొనిన గుంటలు కనబడెను. ఇంజనును వానిపై నిలిపితిమి. నాలుగును సరిగా అమరెను. అట్ట ఆ బొమ్మదే. వెలుపల పేరున్న భాగము చిరిగిపోయినది గాని, దాని క్రింద ఇంగ్లీషు అక్షరములలో 'సికింద్రాబాదు, ఎ.పి.' అనియు, మూలను '75 ఎన్.పి.' అనియు అచ్చు నిలిచియున్నది.

ఈ నాలుగు మాటలు ఎంత సాక్ష్యము చెప్పెనో చూడుడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది 1956 నవంబరు 1న. అంతకు ముందు ఈ ఊరు హైదరాబాదు రాష్ట్రములోనిది. చిరునామాలలో 'దక్కను' అని వ్రాసెడివారు. ఎన్.పి. అనగా నయాపైసలు. అవి 1957 ఏప్రిల్ 1న వచ్చినవి. 1964 జూన్ 1న 'నయా' అను మాట తొలగి పైసలుగా మిగిలినవి. 1972 ఆగస్టు 15న ప్రవేశించిన పిన్‌కోడు ఇచట లేదు. మన దేశమున పాలిస్టైరీను ఉత్పత్తి ప్రారంభమైనది కూడ 1957లోనే. పాత అట్టలను ఒకటి రెండేండ్లు అదనముగా వాడిరనుకొనినను, ఇంజను ఆ కాలపుదే. సాక్షులందరు ఒకే మాట చెప్పిరి.

సంతోషముతో దానిని జనరల్ బజారులోని వృద్ధ వర్తకు నొకరికి చూపితిమి. ఆయన చిరునవ్వు నవ్వి, "అట్టమీది ఊరు అమ్మినవారిది కావచ్చునండి. చిన్న షెడ్లలో చేతి యంత్రములపై పోసిన సరుకును కొని, తమ పెట్టెలలో పెట్టి అమ్మినవా రెందరో" అనిరి. మా సంతోషము కొంత తగ్గిన మాట నిజమే గాని, ఆయన చెప్పినది సబబు. పెట్టెపై పేరు గలవాడు వేరు, అచ్చు చెక్కినవాడు వేరు, యంత్రపు పిడిని లాగినవాడు వేరు కావచ్చును.

కొండపల్లి బొమ్మకు ఈ చిక్కు లేదు. తెల్లపొణికి కర్రయే దాని ఊరు చెప్పును. అంకుడు కర్రయు, లక్క మెరుగును చూడగానే ఏటికొప్పాక జ్ఞప్తికి వచ్చును. ఆ బొమ్మలకు ఊరే సంతకము. ప్లాస్టిక్ బొమ్మ యంత్రమునుండి ఊడిపడినదని తలంచి దానికి ఊరు అడుగుట మానితిమి. కాని ఆ మూడవ కిటికీని ఆకురాయితో అరగదీసిన చేయి యొకటి ఎక్కడో యుండెను గదా! ఒకసారి ఆ చేతికి పేరు దక్కలేదు. ఇప్పుడు ధరకై జపాను అని వ్రాసినచో, దాని జాడయు చెరిపినవార మగుదుము.

మనుమనికి మాత్రము ఇంజను ఇయ్యలేదు. 2018లో ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయమువారు సుమారు 200 పాత ప్లాస్టిక్ బొమ్మలను పరీక్షించి, కొన్నింటిలో, ముఖ్యముగా ఎరుపు, పసుపు, నలుపు రంగులవానిలో, సీసము, కాడ్మియము వంటి హానికర ద్రవ్యములను కనుగొనిరి. నోట పెట్టుకొను వయసు పిల్లలకు అట్టివి తగవు. మన దేశమున 2021 జనవరి 1 నుండి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి యైనది. ముద్రతోపాటు లైసెన్సు సంఖ్య యుండును. దానిని బట్టి తయారీదారును తెలిసికొనవచ్చును. పిల్లవానికి కీడు కలిగిన, ఎవరిని అడుగవలెనో తెలియును. పేరు కీర్తికి మాత్రమే గాక, బాధ్యతకు గూడ అవసరము. అట్టి ముద్ర గల యింజను కొని మనుమని చేతికిచ్చితిమి.

పాత యింజను ఇప్పుడు మా అద్దాల బీరువాలో నున్నది. ప్రక్కన అట్టముక్కయు, ఒక చీటియు గలవు. చీటిపై ఇట్లు వ్రాసితిమి: 'రైలు ఇంజను. పాలిస్టైరీను. సుమారు 1957-64. సికింద్రాబాదు చిరునామా గల పెట్టెలో అమ్మబడినది. చేసినవారి పేరు తెలియరాలేదు.' మిత్రుడు దానిని చదివి పెదవి విరిచి, చాయ్ త్రాగి వెడలిపోయిరి.

మీ యిండ్లలోను ఇట్టి బొమ్మ లుండవచ్చును. పెట్టె చిరిగినదని పారవేయకుడు. కొనిన అంగడి, కొనిన యేడు జ్ఞాపకమున్న పెద్దలు ఇంట నున్నచో, నేడే అడిగి ఒక చీటిపై వ్రాసి బొమ్మతో నుంచుడు. మా యింట అడుగుటకు ఆ పెద్దలు మిగిలిలేరు.