రంగుటద్దములలో పుష్పసంకేతములు



నిజాంసాగరము ఆనకట్ట పని 1923లో మొదలైనది. ఆ మరుసటి యేడే, అదే మంజీరా ప్రాంతమున, మెదకు చర్చి పూర్తియై డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. రెవరెండు చార్లెస్ వాకర్ పాస్నెట్ సంకల్పమున, కరవునాటి కూలిజనమునకు పని కల్పించుచు పదేండ్లు సాగిన కట్టడమది. అందలి మూడు పెద్ద రంగుటద్దపు గవాక్షములు లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ కల్పనలు: ఆరోహణము 1927లో, క్రీస్తు జననము 1947లో, సిలువ 1958లో అమర్చబడినవి.

చూడబోయినవారు రంగులకు ముగ్ధులై తిరిగి వత్తురు. ఐరోపాలో అట్టి గవాక్షములు అక్షరము రానివారికి గ్రంథములు. కావున వానిలో చెట్టు, తీగ, పువ్వు వట్టి అలంకారములు కావు. తెల్లని లిల్లీ మరియమ్మ నిర్మలత్వము. గోధుమకంకియు ద్రాక్షగుత్తియు సంస్కారపు రొట్టె, ద్రాక్షారసము. ఖర్జూరపు మట్ట పట్టినవాడు విశ్వాసమునకై ప్రాణమిచ్చినవాడు. ముళ్ల కిరీటమును గూర్చి చెప్పనక్కరయే లేదు.

చిక్కంతయు లిల్లీతోనే. ఆ పువ్వు తెలుగునేలది కాదు. ఇంగ్లీషు బైబిలులో లిల్లీ యున్నచోట తెలుగు అనువాదకులు మత్తయి సువార్తలో అడవిపువ్వు లనిరి, పరమగీతములో పద్మమనిరి. మొదటిది సులభమైన సర్దుబాటు. రెండవది సాహసము! లక్ష్మికి పీఠమైన పువ్వును సొలొమోను గీతములో నాటుట చిన్న పనియా? బురదలో పుట్టియు బురద యంటని పువ్వని యెరిగిన పాఠకునకు నిర్మలత్వమును వేరుగా బోధింప బనిలేదు. వృక్షశాస్త్రజ్ఞులు సణిగిన సణుగుదురు గాక, భావము నిలిచినది. గాజుపై వ్రాసి కొలిమిలో కాల్చిన పువ్వునకు ఈ వెసులుబాటు లేదు. చూచువాడే దానిని తెలుగు చేసికొనవలెను.

కృష్ణకమలము సంగతి మరియు వింత. దక్షిణ అమెరికాలో ఆ తీగజాతిని చూచిన స్పెయిను పాదిరీలు పూవు నడిమి వలయమును ముళ్ల కిరీటముగా, అయిదు పుప్పొడితిత్తులను క్రీస్తు పంచగాయములుగా, పైని మూడు కీలాగ్రములను మేకులుగా చదివిరి. అటుపిమ్మట అది చర్చి గాజులపైకిని ఎక్కినది. అదే తీగ ఈ దేశపు పెరళ్లకు రాగా, ఇచ్చటివారు ఆ వలయమున నూర్గురు కౌరవులను, అయిదింట పాండవులను, మూడింట త్రిమూర్తులను చూచిరి. పువ్వొకటే, లెక్కయు నించుమించు ఒకటే, కథ వేరు.

మెదకు పోవువారు పరమగీతము రెండవ అధ్యాయము చదివికొని పోవుట మేలు. పగటిపూటనే పోవలెను. బయటి వెలుతురు సోకిననే ఆ గాజు పలుకును. ప్రొద్దు గ్రుంకిన పిమ్మట లోపలనున్నవారికి ఆ బొమ్మలు కానరావు.