జపాన్ వెళ్లే పిల్లలకు నాలుగు మాటలు

ఆమదాలవలసలో రైలెక్కి టోక్యో దాకా వెళ్లే పిల్లలున్న అమ్మానాన్నలకు ఈ మాటలు.

టోక్యోలో నిషికసాయి అనే పేట ఉంది. 2000 నాటి కంప్యూటర్ల సమస్య సరిచేయడానికి వెళ్లిన మన దేశపు ఇంజనీర్లు అక్కడ స్థిరపడ్డారు. ఇప్పుడు తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. కందిపప్పు, చింతపండు, ఆవాలు అక్కడే దొరుకుతాయి. ఇంట్లో పప్పుచారుకు లోటు లేదు.

చిక్కంతా బయట తిన్నప్పుడే. వాళ్లదీ అన్నమే. కాకపోతే మెతుకులు అంటుకుని ఉంటాయి. పక్కన మిసో సూప్ పెడతారు. సోయాచిక్కుళ్లు పులియబెట్టిన ముద్దతో కాస్తారు. చేపముక్క కనబడదు. కానీ ఆ నీళ్లు చాలాచోట్ల ఎండుచేపతో మరిగించినవే. ఆ మరిగించిన నీళ్లనే దాషి అంటారు. నూడుల్స్ పులుసులోనూ అదే. చేపలు తినే మన తీరం వాళ్లకు హాయే. శాకాహారులు మాత్రం తినేముందు అడగాలి. దాషి ఉందా అని తప్పక అడగాలి.

మార్చి చివర్లో టోక్యోలో చెర్రీ చెట్లు పూస్తాయి. మన ఉగాది రోజులే. చెట్ల కింద పట్టాలు పరుచుకుని, అచ్చం మన వనభోజనాల్లా, తెచ్చుకున్నది తింటారు. ఎంత చక్కటి అలవాటు! మీ పిల్లల్నీ పులిహోర కట్టుకుని వెళ్లమనండి. అక్కడ చెత్తబుట్టలు అరుదు. చెత్త ఇంటికే తెచ్చుకోమని చెప్పండి.