అటుకమీది ఇనుప పెనము



నల్లగొండ ప్రక్కనున్న పానగల్లునకు ఛాయాసోమేశ్వరుని గుడి చూడవచ్చినవారు మన పూర్వుల రాతిపనికి ఆశ్చర్యపడుదురు. ఆ చుట్టుపట్ల ఇండ్లలో అటుకమీద బోర్లించియున్న ఇనుప పెనమును మాత్రము ఇంటివారే తలపరు. మన వైపు దానిని పెంక యనియు అందురు. అల్యూమినియపు పాత్రలు వచ్చినపిమ్మట అది త్రుప్పుపట్టి మూలబడెను. పాత ఇనుపసామానుల బండి వీధిలోనికి వచ్చినపుడు ఉల్లిగడ్డలకు దానిని ఇచ్చివేయుట వాడుక. ఇచ్చుటకు ముందు ఒక్కసారి చేతికి తీసికొని చూడుడని పెద్దలను కోరుచున్నాను.

దీనికి కారణము కలదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత కలదు. ఇథియోపియా దేశమున కొందరు పిల్లలకు ఇనుప పాత్రలలోను, కొందరికి అల్యూమినియపు పాత్రలలోను వండిపెట్టి చూచిరి. ఇనుప పాత్రల పిల్లలలో రక్తము మెరుగుపడెనని 1999లో లాన్సెట్ అను వైద్యపత్రిక ప్రకటించెను. ఇట్లని పెనము మందు కాదు. వైద్యులిచ్చు మాత్రలు మానరాదు.

ముందుగా ఆ పెనము ఎట్టిదో తెలిసికొనవలెను. కమ్మరి సాగగొట్టినదైనచో పలుచగా నుండి సుత్తిదెబ్బల గురుతులు కనబడును. వంగినను కొట్టి సరిచేయవచ్చును. పోతపోసినదైనచో దళసరిగా, బరువుగా, గరుకుగా నుండును. అందు బొగ్గుపాలు నూటికి 2 నుండి 4 వరకు ఉండుటచే అది గట్టిదే కాని పెళుసు. త్రాటికి వ్రేలాడదీసి వ్రేలి కణుపుతో తట్టుడు. గంటవలె మ్రోగినచో మంచిది. బొద్దుగా పలికినచో ఎక్కడనో పగులున్నది, దానికి మందు లేదు. సీసమో తారో కరగించిన పాత్రయైనచో ఎంత తోమినను వంటకు పనికిరాదు.

త్రుప్పును చూచి భయపడనక్కరలేదు. అది తరచుగా పైపొరయే. ఇటుకపొడితోను కొబ్బరిపీచుతోను తోమవలెను. మొండి మచ్చలకు చింతపండు రసము పట్టించి అరగంట యుంచి కడుగవలెను. రాత్రియంతయు నానవేయరాదు, పులుపు త్రుప్పును తిని ఊరకుండదు, ఇనుమునే తినును. కడిగినవెంటనే పొయ్యిమీద పెట్టి తడి యార్చవలెను. ఆలస్యమైనచో కన్నులయెదుటనే ఎఱ్ఱబడును.

ఇక నూనె పట్టించుట. క్రొత్తవారు తప్పునది ఇక్కడనే. నేనును తప్పితిని. ఎక్కువ నూనె మేలనుకొని గరిటెడు పోసి కాచితిని. మఱునాటికి అది జిగురుబంకయై చేతికంటెను. మొదటినుండి తోముకొనవలసి వచ్చెను. నూనె పలుచని పొరగా నుండి, వేడియు గాలియు తగిలిననే బిగిసి ఇనుమును పట్టుకొనును. కావున లోపల వెలుపల నూనె రుద్ది, పిమ్మట పొరపాటున పూసితిమన్నట్లు దానినంతయు పొడిగుడ్డతో తుడిచివేయవలెను. తరువాత పొగ లేచి, ఆ పొగ తగ్గువరకు కాచవలెను. తలుపులు తెరచి చేయుడు. మూడు నాలుగు మారులు ఇట్లు చేసినచో నల్లని నునుపు వచ్చును. మన కుసుమనూనె దీనికి మిక్కిలి తగినది, నువ్వులనూనెయు పనికివచ్చును.

ఇందొక చిక్కు కలదు. నునుపు పొర ఏర్పడినకొలది ఇనుము ఆహారములోనికి తక్కువ దిగును. పులుపు ఇనుమును దింపును గాని పొరను చెరచును. నా మట్టుకు అట్లకు ఒక పెనము, చుక్కకూరకు, పప్పునకు ఒక కడాయి వేఱుగా ఉంచుకొందును. కడాయిలో వండినదానిని వెంటనే వేఱొక గిన్నెలోనికి తీయుదును. లేనిచో కూర నల్లబడి ఇనుపరుచి పట్టును.

సర్వపిండి చేయు ఇండ్లవారికి మఱియొక మాట. ఒక వాయి దింపి, రెండవ వాయి పిండి అద్దుటకై కాలిన పాత్రపై నీళ్లు పోసి చల్లార్చుట అలవాటు. పోత ఇనుము దీనిని ఓర్వదు, టక్కున పగులును. రెండు పెనము లుంచుకొని, ఒకటి పొయ్యిమీద నుండగా రెండవదానిని దానంతట చల్లారనీయుడు.