ఊపిరి పరీక్షకు ముందు మందుల సంగతి చెప్పండి
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగంలో ఉండగా ఆడిట్ వస్తుందంటే ముందురోజు రాత్రి కూర్చుని రిజిస్టర్లు సరిచేసుకునేవాళ్లం. ఉబ్బసం పరీక్షకు వెళ్తూ తెలియక నేను అదే పని చేశాను.

స్పైరోమెట్రీలో గొట్టంలోకి గట్టిగా ఊదిస్తారు. తరువాత సాల్బుటమాల్ పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదిస్తారు. ఉబ్బసం ఉందా లేదా అన్నది తేల్చడానికి ఆ రెండింటి మధ్య తేడా చూస్తారు. దారిలో ఆయాసం వస్తుందేమోనని నేను ఇంటి దగ్గరే ఇన్‌హేలర్ పీల్చి వెళ్లాను. శ్వాసనాళాలు ముందే తెరుచుకున్నాయి, తేడా కనిపించలేదు. చర్మంపై చేసిన ఎలర్జీ పరీక్షలోనూ దద్దుర్లు లేవలేదు. రాత్రి వేసుకున్న సెటిరిజిన్ వాటిని అణిచేసింది. రెండు పరీక్షలూ మళ్లీ చేయించుకోవలసి వచ్చింది.

సాధారణంగా స్పైరోమెట్రీకి ముందు సాల్బుటమాల్ 4 నుంచి 6 గంటలు, చర్మ పరీక్షకు ముందు సెటిరిజిన్ వంటివి వారం దాకా ఆపమంటారు. హిస్టమిన్ గాని మానిటాల్ గాని పీల్పించి చేసే పరీక్షలకు కూడా ఈ ఎలర్జీ మాత్రలు అడ్డే. జలుబు మాత్రల్లో, దగ్గు సిరప్‌లలో ఇటువంటి మందులే కలిసి ఉంటాయి, మరువకండి. ఎలర్జీకి చేసే రక్త పరీక్షకు మాత్రం ఇవి అడ్డురావు.

అయితే సొంతంగా ఏ మందూ మానకండి. ఏది ఎన్నాళ్లు ఆపాలో డాక్టరుగారినే అడగండి. ఆయాసం వస్తే పరీక్ష మాట తరువాత, ముందు ఇన్‌హేలర్ పీల్చండి. పీల్చిన వేళ కాగితంపై రాసి డాక్టరుగారికి చూపండి. మనం రికార్డులు రాసి బతికినవాళ్లం, అదేమంత కష్టం కాదు.

సెలవు.