చిన్న తెల్ల బిళ్ల: ఆస్పిరిన్ గురించి ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన సంగతులు

(రోగుల బంధువుల కోసం ఏర్పాటు చేసిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

లోపల వార్డులో మీవాళ్లు మంచం మీద ఉన్నా, ఈ కాసేపు ఇక్కడికి వచ్చి కూర్చున్నందుకు ధన్యవాదాలు. ఈరోజు మనం మాట్లాడుకునేది ఖరీదైన మందు గురించి కాదు, చాలా చవకైన మందు గురించి. అదే ఆస్పిరిన్. మీవాళ్ల డిశ్చార్జి చీటీలో ‘ఎకోస్ప్రిన్ 75’ అనో ‘ఆస్పిరిన్ 150’ అనో రాసి ఉంటే అది ఈ మందే.

చవక కదా అని దీన్ని చులకనగా చూడకండి. “నొప్పి తగ్గిపోయింది కదా, ఇంకా ఈ బిళ్ల దేనికి?” అని మానేసేవారు ఉన్నారు. “తాతయ్యకు పనిచేసింది కదా” అని జ్వరం వచ్చిన మనవడికి వేసేవారూ ఉన్నారు. ఈ రెండు పనులూ ప్రాణం మీదికి తేవచ్చు. ఎందుకో అర్థం కావాలంటే ఈ మందు ఎలా పుట్టిందో, ఒంట్లో ఏం చేస్తుందో కాస్త తెలియాలి.

బెరడు నుంచి బిళ్ల దాకా

క్రికెట్ బ్యాట్లు చేసే విల్లో చెట్టు పేరు మీరు వినే ఉంటారు. 1763లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ స్టోన్ అనే మతగురువు ఈ చెట్టు బెరడు గురించి లండన్ రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం రాశారు. బెరడును రుచి చూస్తే సింకోనా లాగా చేదుగా ఉందట. దాన్ని ఎండబెట్టి, పొడి చేసి, చలిజ్వరంతో బాధపడుతున్న సుమారు 50 మందికి ఇచ్చి చూస్తే చాలామందికి గుణం కనిపించిందని అందులో తెలియజేశారు.

తర్వాతి రోజుల్లో ఆ బెరడులోని పదార్థం నుంచి సాలిసిలిక్ ఆమ్లాన్ని తయారు చేశారు. అది జ్వరాన్ని, కీళ్లనొప్పులను తగ్గించేది. కాని కడుపులో మంట, వాంతులు తెచ్చేది. 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త దానికి ఎసిటైల్ అనే చిన్న ముక్కను చేర్చి, మందుగా వాడదగినంత శుద్ధంగా తయారు చేశారు. తన సూచన మేరకే ఆ పని జరిగిందని అదే కంపెనీలో పనిచేసిన ఆర్థర్ ఐషెన్‌గ్రున్ తర్వాత రాశారు. 1899లో ఆ మందుకు ‘ఆస్పిరిన్’ అని పేరు పెట్టి అమ్మకం మొదలుపెట్టారు.

ల్యాబులో ఎలా చేస్తారు?

కెమిస్ట్రీ చదివే పిల్లలు మీ ఇంట్లో ఉంటే అడగండి, కాలేజీలో చేసే ఉంటారు. సాలిసిలిక్ ఆమ్లం పొడిలో ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ పోసి, కొన్ని చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లం గానీ ఫాస్ఫారిక్ ఆమ్లం గానీ వేసి, వేడినీళ్లలో పాత్రను కాసేపు ఉంచుతారు. తర్వాత చల్లని నీళ్లు కలిపి ఐసులో పెడితే తెల్లని స్ఫటికాలు తేలతాయి. వాటిని వడగట్టి, మళ్లీ కరిగించి శుద్ధి చేస్తారు. లెక్క ప్రకారం 138 గ్రాముల సాలిసిలిక్ ఆమ్లం నుంచి 180 గ్రాముల ఆస్పిరిన్ రావాలి. శుద్ధి అయిందో లేదో చూడటానికి ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తారు. ఊదారంగు వస్తే పాత ఆమ్లం ఇంకా మిగిలి ఉన్నట్టు.

ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆస్పిరిన్‌కు తేమ తగిలితే మళ్లీ విడిపోయి సాలిసిలిక్ ఆమ్లం, ఎసిటిక్ ఆమ్లం అవుతుంది. ఎసిటిక్ ఆమ్లం అంటే వెనిగర్‌లో పుల్లగా ఉండేదే. అందుకే బిళ్లలు వెనిగర్ వాసన కొడితే పాడైనట్టే, పారేయండి. స్నానాల గదిలో, పొయ్యి దగ్గర పెట్టకండి.

ఒంట్లో ఏం జరుగుతుంది?

ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో 1971లో బ్రిటన్‌కు చెందిన జాన్ వేన్ కనిపెట్టారు. 1982లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. నొప్పి, వాపు, జ్వరం కలిగించే ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు మన ఒంట్లో తయారవుతాయి. వాటిని తయారుచేసే ఎంజైమును ఆస్పిరిన్ ఆపేస్తుంది. తాళంచెవి రంధ్రంలో లక్క పోసినట్టు, ల్యాబులో చేర్చిన ఆ ఎసిటైల్ ముక్కే వెళ్లి ఎంజైముకు అతుక్కుంటుంది.

రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లలో కూడా ఇదే ఎంజైము ఉంటుంది. మిగతా కణాలు కొత్త ఎంజైమును తయారు చేసుకుంటాయి, ప్లేట్‌లెట్లు చేసుకోలేవు. అవి బతికే 8–10 రోజులూ అలాగే ఉండిపోతాయి. అందుకే గుండెకు చిన్న మోతాదు సరిపోతుంది. కాని రోజూ కొత్త ప్లేట్‌లెట్లు పుడుతుంటాయి గనుక బిళ్ల రోజూ వేయాలి. నొప్పి లేదని మానేస్తే కొద్ది రోజుల్లోనే ఆ రక్షణ పోతుంది. స్టెంటు వేసినవారికైతే అందులో గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు.

ఎవరికి మేలు? ఎవరికి కీడు?

1988లో ఐసిస్‌-2 అనే పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. గుండెపోటు వచ్చిందని అనుమానించిన 17,187 మంది అందులో పాల్గొన్నారు. ఐదు వారాల్లో, ఆస్పిరిన్ ఇవ్వని ప్రతి 1000 మందిలో సుమారు 118 మంది గుండె, రక్తనాళాల కారణాలతో చనిపోగా, ఇచ్చినవారిలో 94 మంది చనిపోయారు. అంటే వెయ్యి మందిలో 24 ప్రాణాలు నిలిచాయి.

అయితే ఆరోగ్యంగా ఉన్నవారు ముందుజాగ్రత్తగా వేసుకుంటే? 2018లో ఆస్ప్రీ పరిశోధన దీనికి జవాబు చెప్పింది. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది వృద్ధులపై జరిగిన ఈ పరిశోధనలో గుండెజబ్బులు చెప్పుకోదగినంత తగ్గలేదు. తీవ్రమైన రక్తస్రావం మాత్రం పెరిగింది. కాబట్టి నాన్నగారి చీటీ చూసి అమ్మకు కూడా మీరే మొదలుపెట్టకండి.

పిల్లలకు, యుక్తవయసువారికి జ్వరం, ఫ్లూ, ఆటలమ్మ వచ్చినప్పుడు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రేయ్ సిండ్రోమ్ రావచ్చు. అరుదే గాని ప్రాణాంతకం. మన ప్రాంతంలో వానాకాలం జ్వరమంటే డెంగీ కావచ్చు. అందులో ప్లేట్‌లెట్లు ముందే తగ్గి ఉంటాయి, ఆస్పిరిన్ వేస్తే రక్తస్రావం అవుతుంది. జ్వరానికి పారాసెటమాల్ తగిన మోతాదులో ఇచ్చి, డాక్టరుకు చూపించండి. ఇంట్లో పెద్దవారు రోజూ ఆస్పిరిన్ వేసుకుంటూ ఉండగా జ్వరం వస్తే, కొనసాగించాలో ఆపాలో అదేరోజు డాక్టరును అడగండి.

ఇంట్లో మీరు చేయవలసినవి

ఒకటి: డాక్టరు చెప్పకుండా బిళ్ల ఆపకండి. పన్ను తీయించాలన్నా, ఆపరేషన్ అన్నా “మావారు ఆస్పిరిన్ వాడుతున్నారు” అని ముందే చెప్పండి. ఆపాలో వద్దో వారు నిర్ణయిస్తారు.

రెండు: ఒకరోజు మరచిపోతే మర్నాడు రెండు వేయకండి.

మూడు: కడుపులో పుండు, ఉబ్బసం, గర్భం ఉంటే తప్పక డాక్టరుకు చెప్పండి. ఒళ్లునొప్పులకు షాపులో అడిగి కొనే బిళ్లలు దీనితో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు.

నాలుగు: విరేచనం తారులా నల్లగా అయినా, వాంతిలో రక్తం పడినా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

ఐదు: ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, ఎడమచేతికి లాగే నొప్పి వస్తే ముందు 108కి ఫోన్ చేయండి. రోగికి ఆస్పిరిన్ పడకపోవడం గానీ, రక్తస్రావం గానీ లేకపోతే, ఫోన్‌లో అడిగి సుమారు 300 మి.గ్రా. ఆస్పిరిన్ నమలమనండి. నమిలితే త్వరగా పనిచేస్తుంది. కాని మూతి వంకరపోయి, చెయ్యి కాలు పడిపోతే మాత్రం ఆస్పిరిన్ ఇవ్వకండి. మెదడులో గడ్డకట్టిందో, నరం చిట్లిందో స్కానింగ్ చేస్తే గాని తెలియదు.

మీరు ఇంటికి వెళ్లాక నర్సమ్మలు ఉండరు, డాక్టర్లు ఉండరు. మీవాళ్ల చేతికి రోజూ ఆ బిళ్ల అందించేది మీరే. ఏ బిళ్ల, ఎంత, ఎన్నాళ్లు అన్నది డిశ్చార్జి అయ్యేలోపు అడిగి, చీటీ మీద రాయించుకోండి. అడగడానికి మొహమాటపడకండి. చెప్పడానికే మేమిక్కడ ఉన్నాం.