గొంతు మనది, మైకూ మన చేతిలో ఉండాలి

పనిచోట మన కష్టం మనమే చెప్పుకోవడానికి స్టూడియో అక్కర్లేదు. జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు 2008లోనే సంఘం రేడియో నడిపి చూపారు. పాడ్‌కాస్టుకైతే సెల్‌ఫోను చాలు. డబ్బుంటే ముందు కొనాల్సింది కాలరుకు తగిలించే వైరు మైకు అంటాను. నోటికి జానెడు దూరంలో ఉంటే మిషన్ల రొద అంతగా వినిపించదు. కత్తిరించి అతికించడానికి ఆడాసిటీ ఉచితం. ఆ పని యజమాని కంప్యూటరులో మాత్రం వద్దు.

లైంగిక వేధింపుల ఫిర్యాదు వివరాలు, ఆమె ఆనవాళ్లు బయటపెట్టడాన్ని 2013 చట్టం 16వ సెక్షను నిషేధిస్తోంది. గొంతు మార్చినంత మాత్రాన మనిషి దాగదు. అలాంటివి వదిలి కూలి, పనిగంటలు, మరుగుదొడ్ల గురించి మాట్లాడదాం. మాట్లాడినామె ఒప్పుకున్నాకే వినిపిద్దాం, చెరిపేయమంటే చెరిపేద్దాం. మైకు కొనేముందే సంఘంలో ఈ నియమం పెట్టుకుందాం.